ఢిల్లీ చూడబోయే మనవాళ్లకు దారి చెప్పేదెవరు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. రాష్ట్రపతి భవన్‌లో అమృత్ ఉద్యాన్ తెరిచారని, పూలు విరగబూశాయని ఏటా చలికాలం చివర్లో మీ పత్రికలో ఫొటోలు వేస్తారు. మా ఇంట్లో అందరం వాటిని చూసి సంతోషిస్తాం. కానీ అక్కడికి మామూలు మనిషి ఎలా వెళ్లాలి, ఎవరిని అడగాలి అన్న ముక్క మాత్రం ఆ ఫొటో కింద ఎప్పుడూ కనిపించదు. రాష్ట్రపతి భవన్, పార్లమెంటు, సుప్రీంకోర్టు మూడూ జనం చూడడానికి వీలున్నవే. ఆ సంగతే చాలామందికి తెలియదు. తెలిసినా, ఢిల్లీలో ఎవరో ఒకరు తెలిసినవాళ్లు ఉంటే తప్ప పని జరగదని అనుకుంటారు. ఈ పరిస్థితి మారాలంటే ఢిల్లీలో ఉన్న మన రెండు రాష్ట్రాల భవన్‌లు, మన ఎంపీలు పూనుకోవాలి. అది అడగడానికే ఈ ఉత్తరం.

నేను సోషల్ టీచర్‌గా పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఉండగా పిల్లలను, ఆ తర్వాత మా ఊరి పెద్దవాళ్లను ఢిల్లీ తీసుకెళ్లాను. చిక్కు ఎక్కడ వస్తుందో దగ్గరగా చూశాను.

మొదటి చిక్కు రోజుల లెక్క. మనవాళ్లు రైలు టికెట్ దొరికిన రోజును బట్టి బయల్దేరతారు. ఇప్పుడు రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే మొదలవుతుంది కాబట్టి ముందు అది చేసేసి, మిగతావి అక్కడికి వెళ్లాక చూసుకోవచ్చనుకుంటారు. తీరా సోమవారం పొద్దున్న దిగితే అమృత్ ఉద్యాన్, రాష్ట్రపతి భవన్ మ్యూజియం, తీన్‌మూర్తి దగ్గరున్న ప్రధానమంత్రి సంగ్రహాలయ, నేషనల్ మ్యూజియం అన్నీ సెలవే. సుప్రీంకోర్టు లోపల చూపించే గైడెడ్ టూర్ శనివారాల్లోనే, అదీ రెండో శనివారం, నాలుగో శనివారం ఉండదు. రాష్ట్రపతి భవన్ ముంగిట గార్డు మార్పిడి వేడుక కూడా సాధారణంగా శనివారమే. అంటే మొదటి శనివారానికో మూడో శనివారానికో ముందు వచ్చే శుక్రవారానికి ఢిల్లీ చేరేలా టికెట్ తీసుకుంటే ఎక్కువ చూడొచ్చు. జనవరిలో రిపబ్లిక్ డే ముందూ వెనకా వెళ్లేవాళ్లు మరీ జాగ్రత్తపడాలి. పరేడ్ రిహార్సల్స్ మొదలుకొని 29న విజయ్ చౌక్‌లో బీటింగ్ రిట్రీట్ అనే సైనిక బ్యాండ్ల వేడుక అయ్యేదాకా ఆ చుట్టుపక్కల ఎప్పుడు ఏ రోడ్డు మూస్తారో తెలియదు. ఇదంతా ఎవరైనా టికెట్ తీసుకోకముందు చెప్పాల్సిన మాట.

రెండోది పేర్ల సంగతి. ఒక భవనం గేటు దగ్గర జరిగింది చెబుతాను. మా బృందంలో డెబ్బై దాటిన ఒక పెద్దావిడ ఉంది. ఆన్‌లైన్‌లో స్లాట్ బుక్ చేసిన మనవడు ఆవిడ ఇంటిపేరుకు పొడి అక్షరం వేశాడు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, అదీ చివర్లో ఉంది. గేటులో ఉన్న జవాను కంప్యూటర్ చూస్తాడు, కార్డు చూస్తాడు, మళ్లీ కంప్యూటర్ చూస్తాడు. ఆవిడకు హిందీ ఒక్క ముక్క రాదు. "నేనే నాయనా అది" అంటూ కార్డు మీద ఫొటోను వేలితో చూపిస్తోంది. చివరికి ఒక అధికారి వచ్చి లోపలికి పంపేసరికి మా స్లాట్‌లో సగం టైమ్ అయిపోయింది. ఆ టెన్షన్‌కి ఆవిడ కాళ్లు వణికి, లోపల మొదటి హాల్లోనే కూర్చుండిపోయింది. జవానుది తప్పని నేను అనను. 2001 డిసెంబర్ 13న పార్లమెంటు మీద దాడి చూసిన దేశం మనది. సరిగ్గా 22 ఏళ్లకు అదే తేదీన, 2023లో, సందర్శకుల గ్యాలరీ నుంచి ఇద్దరు సభలోకి దూకారు. తనిఖీ గట్టిగానే ఉండాలి. కానీ ఇంటిపేరు ముందుండే మన పద్ధతికీ, బుకింగ్ ఫారంలోని గళ్లకూ పొంతన కుదరదని, ఆధార్‌లో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే కొట్టాలని తెలుగులో ఒక్క వాక్యం ముందే చెప్పి ఉంటే ఆవిడకు ఆ కష్టం వచ్చేది కాదు.

ఇక పార్లమెంటు. అసలు బాధ ఇక్కడే. సభ జరుగుతుండగా గ్యాలరీలో కూర్చోవాలంటే ఎంపీ సిఫారసు మీద పాస్ రావాలి. ఈ సందర్శకుడు నాకు బంధువు, లేదా స్నేహితుడు, లేదా నాకు స్వయంగా తెలిసినవాడు, ఇతనికి నాదే బాధ్యత అని ఎంపీ రాసివ్వాలి. మన దగ్గర ఒక్కో లోక్‌సభ నియోజకవర్గంలో ఏడేసి అసెంబ్లీ స్థానాలు ఉన్నాయి, లక్షల మంది ఓటర్లు ఉన్నారు. వాళ్లలో ఎంపీకి స్వయంగా తెలిసినవాళ్లు ఎందరు? పార్టీ వాళ్లు, కాంట్రాక్టర్లు, వాళ్ల చుట్టాలు. ఓటేసిన కౌలురైతుకు, అంగన్‌వాడీ టీచరుకు తమ సభ్యుడు సభలో ఎలా మాట్లాడుతున్నాడో పైనుంచి చూసే అవకాశం ఎక్కడిది? భద్రత నిబంధన సడలించమని నేను అడగడం లేదు. ఎంపీలే తమ నియోజకవర్గ ఆఫీసులో వారానికో రోజు కేటాయించి, ఢిల్లీ వెళ్లాలనుకునేవాళ్లను పిలిచి మాట్లాడి, కాగితాలు చూసి, తెలిసినవాళ్లను చేసుకోవచ్చు కదా! ఫలానా వారంలో సభ ఉంది, పదేళ్లలోపు పిల్లలకు గ్యాలరీ పాస్ ఇవ్వరు, లోపలికి ఫోన్ గానీ బ్యాగ్ గానీ రానివ్వరు అని అక్కడే చెప్పొచ్చు. ఆంధ్రప్రదేశ్ నుంచి 25 మంది, తెలంగాణ నుంచి 17 మంది లోక్‌సభలో ఉన్నారు. రాజ్యసభలో మరో 18 మంది. వీళ్లలో పదిమంది మొదలుపెట్టినా మిగతావాళ్లకు తప్పదు.

అంత శ్రమపడి చూడాల్సిందేముంది, టీవీలో వస్తుంది కదా అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. 1927లో ప్రారంభమైన పాత భవనాన్ని ఇప్పుడు సంవిధాన్ సదన్ అంటున్నారు. 144 స్తంభాల ఆ గుండ్రటి భవనంలోని సెంట్రల్ హాల్లోనే రాజ్యాంగ సభ కూర్చుంది. 1949 నవంబర్ 26న రాజ్యాంగాన్ని ఆమోదించింది అక్కడే. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి ఆ సభలో సభ్యురాలు. అనంతపురం జిల్లా ఇల్లూరు నుంచి వెళ్లిన నీలం సంజీవరెడ్డి లోక్‌సభ స్పీకరయ్యారు, రాష్ట్రపతి భవన్‌లో అయిదేళ్లు ఉన్నారు. కోనసీమ నుంచి వెళ్లిన బాలయోగి స్పీకర్ స్థానంలో కూర్చున్నారు. పాఠంలో ఇవి పేర్లు, మార్కులు. ఆ హాల్లో నిలబెట్టి చెబితే ఎనిమిదో తరగతి పిల్ల "మరి మనమూ ఇక్కడికి రావచ్చా టీచర్?" అని అడుగుతుంది. నన్ను అడిగింది కూడా. నా సర్వీసు మొత్తంలో నేను విన్న మంచి ప్రశ్నల్లో అదొకటి.

భాష గురించి కూడా చెప్పాలి. లోక్‌సభలో మన సభ్యులు తెలుగులో మాట్లాడితే అప్పటికప్పుడు అనువదించే ఏర్పాటు ఉంది. సభ్యుడికి ఆ సౌకర్యం ఉన్నప్పుడు, చూడడానికి వచ్చిన ఓటరుకు తెలుగులో వివరించే గైడ్ ఉండాలని అడగడం అత్యాశ కాదు. రోజూ అక్కర్లేదు. వేసవి సెలవుల్లో, సంక్రాంతి సెలవుల్లో మన రైళ్లు నిండుగా వెళ్లే రోజుల్లో ఉంటే చాలు.

ఢిల్లీలో మన రెండు రాష్ట్రాలకూ భవన్‌లు ఉన్నాయి. ఇండియా గేట్‌కి దగ్గర్లోనే. మనవాళ్లు అక్కడ భోజనం బాగుంటుందని వెతుక్కుని మరీ వెళతారు. ఆ భోజనశాల పక్కనే ఒక బల్ల వేసి, తెలుగు వచ్చిన ఇద్దరిని కూర్చోబెట్టి, సందర్శకుల సహాయ కేంద్రం అని బోర్డు పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఫోన్ చేస్తే పలికే నంబరు ఒకటి ఉండాలి. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకు, ఓటీపీ అంటే భయపడేవాళ్లకు వాళ్లే స్లాట్ బుక్ చేసిపెట్టాలి. రాష్ట్రపతి భవన్ ప్రధాన భవనం చూడడానికి మనిషికి 50 రూపాయలు, అమృత్ ఉద్యాన్‌కి డబ్బులేమీ లేవు, ముందుగా బుక్ చేసుకుంటే చాలు. ఇది తెలియక మధ్యవర్తుల చేతిలో వందలు పోసినవాళ్లు నాకు తెలుసు.

అంత దూరం వెళ్లలేని బడులకు ఇంకో మాట. హైదరాబాద్ బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం ఒకప్పుడు ఏడాదిలో కొద్ది రోజులే చూడనిచ్చేవారు. 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా తెరిచి ఉంటోంది. ఇన్నాళ్లయినా పక్క జిల్లాల హెడ్మాస్టర్లకే ఈ సంగతి తెలియకపోవడం చూశాను. విద్యాశాఖ ఒక సర్క్యులర్ పంపితే సరిపోయేది.

చివరిగా మీకు నా విన్నపం. ఈసారి అమృత్ ఉద్యాన్ ఫొటో వేసినప్పుడు పక్కన నాలుగు వరుసల డబ్బా కట్టండి. ఏ రోజులు తెరుస్తారు, ఏ రోజు సెలవు, అధికారిక వెబ్‌సైట్ ఏది, ఏ కార్డు తీసుకెళ్లాలి. పార్లమెంటు సమావేశాల తేదీలు ప్రకటించిన రోజున కూడా అలాగే. మీ జిల్లా విలేకరులు తమ ఎంపీ ఆఫీసుకు వెళ్లి, గ్యాలరీ పాస్ కోసం మామూలు ఓటరు ఎవరిని కలవాలో అడిగి, వాళ్లు చెప్పిన పేరు, సమయం జిల్లా పేజీలో అచ్చు వేయాలి. చెప్పడానికి ఎవరూ లేకపోతే ఆ మాటే వేయండి.

ఇట్లు
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు