కుట్టు శిక్షణలో మరమ్మతుకూ చోటు కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, లక్ష మందికి పైగా మహిళలకు ఉచితంగా కుట్టు శిక్షణ ఇచ్చి మిషన్లు అందించే పథకాన్ని ప్రారంభించింది. అంతకు ముందు ఏడాది తెలంగాణ ప్రభుత్వం బడిపిల్లల యూనిఫాంలు కుట్టే పనిని మహిళా సంఘాలకు అప్పగించి, జతకు ఇచ్చే కుట్టుకూలిని 50 రూపాయల నుంచి 75 రూపాయలకు పెంచింది. ఆడవాళ్ల చేతిలో నాలుగు రూపాయలు ఆడే ఏ ఏర్పాటునైనా స్వాగతించవలసిందే. అయితే మా ప్రాంతంలో నేను చూసిన శిక్షణ కేంద్రాల్లో మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా కొత్త గుడ్డ కత్తిరించి కొత్త దుస్తులు కుట్టడమే నేర్పుతున్నారు. చిరిగినదానికి మాసిక వేయడం, బిగుతైనదాన్ని విప్పి వదులు చేయడం, పెద్దవాళ్ల చొక్కాను పిల్లవాడికి సరిచేయడం వంటివి అక్కడ పాఠాలుగా కనిపించలేదు. ఇంటి కుట్టుపని పర్యావరణానికి నిజంగా మేలు చేసేది ఈ పనుల్లోనే కనుక, ఈ విషయాన్ని మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి, సాటి పాఠకుల దృష్టికి తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను.

మనం రోజూ చూసే జాకెట్టునే తీసుకుందాం. పని తెలిసిన టైలరు జాకెట్టు కుట్టేటప్పుడు రెండు పక్కలా అంగుళం నుంచి అంగుళంన్నర దాకా గుడ్డను లోపలికి వదిలి, కొద్దిపాటి ఎడంతో రెండు మూడు వరసలు కుట్టు వేస్తారు. ఒళ్లు చేసినప్పుడు ఒంటికి దగ్గరగా ఉన్న వరసను విప్పుకుంటే దాని వెనకున్న వరస కుట్టుగా నిలుస్తుంది. మళ్లీ మిషను ఎక్కించవలసిన పని కూడా ఉండదు. ఆడపిల్లల పరికిణీలకు అంచుకు పైన మడతలు వేసి కుట్టి, పిల్ల పొడుగు పెరిగేకొద్దీ ఒక్కొక్క మడతా విప్పుకుంటూ పోవడం కూడా ఇలాంటి తెలివే. ఇప్పుడు మనం ఎక్కువగా కొంటున్న రెడీమేడ్ దుస్తుల్లో ఈ వీలు లేదు. ఓవర్‌లాక్ మిషను గుడ్డ అంచును కోస్తూనే కుట్టేస్తుంది కాబట్టి లోపల మిగిలేది మహా అయితే పావు అంగుళం. దాన్ని విప్పితే చేతికి వచ్చేది పీలికే. అంటే ఆ దుస్తును బాగుచేయడం సాధ్యమా కాదా అన్నది అది చిరిగిన రోజున కాకుండా, కత్తెర పెట్టిన రోజునే తేలిపోతుంది. శిక్షణ పొందుతున్న మహిళలకు మొట్టమొదట చెప్పవలసిన మాట ఇది.

జాకెట్టు ముందుగా పాడయ్యేది చంక దగ్గర. మిగతా గుడ్డంతా గట్టిగా ఉండగానే, చెమట పట్టే ఆ అరచేతి వెడల్పు చోట రంగు పోయి, పోగులు నలిగి చీలిపోతాయి. కుట్టగా మిగిలిన ముక్క ఇంట్లో ఉంటే, పాడైనంత మేర కత్తిరించి కొత్త ముక్క అతికించవచ్చు. చెయ్యి కిందికి ఉన్నప్పుడు అది ఎవరి కంటా పడదు. కాబట్టి ముక్కలను టైలరు దగ్గర వదిలేయకుండా అడిగి తెచ్చుకోవాలి. వాటిని బీరువాలో దాచి ఊరుకోకుండా అప్పుడప్పుడూ ఆ జాకెట్టుతోపాటే ఉతికి ఆరేస్తుంటే రెండింటి రంగూ ఒకే తీరున వెలుస్తుంది. లేకపోతే అతికిన చోట కొత్త ముక్క కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

లైనింగు గుడ్డనూ చీర ఫాల్‌నూ నీళ్లలో తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేసిన తరువాతే కుట్టాలన్నది కుట్టుపని తెలిసిన ప్రతి ఇంట్లోనూ ఉన్న నియమమే అయినా, పండగ ముందు హడావుడిలో అందరం దాన్ని పక్కన పెట్టేస్తున్నాం. తొలి ఉతుకులోనే నూలు లైనింగు కుంచించుకుపోయి పైగుడ్డ ముడతలు పడుతుంది, ఫాల్ లాగేసి చీర అంచు మెలి తిరుగుతుంది. ఆ జాకెట్టు గానీ చీర గానీ మళ్లీ ఒంటి మీదికి రావడం కష్టం. దారం విషయం ఇంకా తక్కువ మందికి పడుతుంది. నలిగిన పాత నూలు గుడ్డకు గట్టి పాలిస్టర్ దారంతో దగ్గర దగ్గరగా కుట్టు వేస్తే, బరువు పడినప్పుడు తెగేది దారం కాదు, గుడ్డ. కుట్టు ఊడితే ఐదు నిమిషాల్లో మళ్లీ వేసుకోవచ్చు గానీ, కుట్టు వెంబడి గుడ్డే చీలిపోతే దానికి మాసిక వేయడం తప్ప మార్గం లేదు. అలాగే సూది. సన్నని పట్టుకు 9 లేదా 11 నంబరు, మామూలు నూలుకు 14, జీన్స్‌కు 16 నంబరు సూది వాడాలని మిషను కొన్నప్పుడు ఇచ్చే కాగితంలో ఉన్నా, ఒకే సూదిని మొద్దుబారేదాకా అన్నింటికీ వాడేవాళ్లే ఎక్కువ. మొద్దు సూది పట్టు పోగులను లాగేస్తుంది, ఆ మచ్చ ఇక పోదు.

ఇవన్నీ పొదుపు ముచ్చట్లుగా తోచవచ్చు. కానీ ఒక కిలో నూలు బట్ట తయారు కావడానికి, పత్తి పంట దగ్గర నుంచి లెక్కవేస్తే, ప్రపంచ సగటున సుమారు 10,000 లీటర్ల నీరు ఖర్చవుతుంది. తెలంగాణలో పత్తి చాలావరకు వానాధారమే కనుక ఆ నీరంతా బోర్ల నుంచి తోడినది కాదన్నది నిజమే. అయినా ఎరువులు, పురుగుమందులు, అద్దకం నీళ్లు మనకు తప్పినవి కావు. ఉన్న దుస్తులను మరో తొమ్మిది నెలలు ఎక్కువగా వాడితే వాటి కర్బన భారం, నీటి భారం, వ్యర్థాల భారం 20 నుంచి 30 శాతం తగ్గుతాయని వ్యర్థాలను తగ్గించడానికి పనిచేసే బ్రిటన్ సంస్థ ర్యాప్ 2012లో లెక్కగట్టింది. అది బ్రిటన్ లెక్క. ఎండలో ఆరేసుకునే మన ఇళ్లలో ఆ అంకె మారవచ్చు గానీ, బట్టను ఎక్కువ కాలం కట్టుకోవడమే అన్నిటికన్నా పెద్ద మేలన్న విషయం మారదు.

పాతబట్టలు ఎలాగూ రీసైకిల్ అవుతాయి కదా అని కొందరు అంటారు. హర్యానాలోని పానిపట్‌లో దేశవిదేశాల పాత ఉన్నిబట్టలను చీల్చి, నూలుగా వడికి కంబళ్లు నేస్తున్న మాట వాస్తవమే. అయితే చీల్చినప్పుడల్లా పోగు పొట్టిదై బలం తగ్గుతుంది, పైగా పత్తి, పాలిస్టర్, సాగే దారం కలగలిసిన గుడ్డను విడదీయడం ఏ మిల్లుకూ తేలిక కాదు. ఇక మన వీధుల్లోకి స్టీలు గిన్నెలతో వచ్చేవాళ్లు మంచి చీరలూ ప్యాంట్లూ చూసి ఏరుకుంటారే తప్ప, ఒకరి కొలతకు కుట్టిన జాకెట్టును ముట్టుకోరు. అది చివరికి చేరేది చెత్తబండికే.

మరమ్మతు చేయించుకుందామంటే టైలర్లు ఒప్పుకోవడం లేదన్న ఫిర్యాదు మా వీధిలోనూ వింటుంటాను. ఇందులో నేను టైలర్లను తప్పు పట్టను. పాత కుట్టు గుడ్డకు తగలకుండా విప్పడానికే చాలా సమయం పడుతుంది, లైనింగు ఉన్నదైతే మరీను. ఆ సమయంలో వాళ్లు కొత్త జాకెట్టు సగం పూర్తి చేయగలరు. అంత పనికి పదో ఇరవయ్యో చేతిలో పెట్టి, అది కూడా బేరమాడే మనమే ఈ పనిని గిట్టుబాటు కాకుండా చేశాం. పట్టుచీరకు రఫ్ఫు చేసే నిపుణులు పట్టణాల్లో ఇంకా కొద్దిమంది ఉన్నారు. చీర చెంగు నుంచే పోగులు లాగి, చిరుగు మీద అడ్డం నిలువు అల్లి, చిరుగు ఎక్కడుండేదో తెలియకుండా చేస్తారు; వారి తరువాత ఆ పని నేర్చుకునేవాళ్లు కనిపించడం లేదంటే అందుకు కారణం కూలి తప్ప మరొకటి కాదు.

బట్ట ఎంతకాలం మన్నుతుందన్నది ఉతుకు మీద కూడా ఆధారపడి ఉంటుంది. బోరునీళ్లలోని లవణాలు సబ్బుతో కలిసి తెట్టులా మారి పోగులకు పట్టేస్తాయి. నురగ రావడం లేదని మనం ఇంకాస్త సబ్బు, ఇంకాస్త పొడి వేస్తాం, అది పోవడానికి మరో రెండు బకెట్ల నీళ్లు పోస్తాం. ఉప్పునీళ్లు ఉన్న ఇళ్లలో మునిసిపల్ కుళాయి నీళ్లనో, పట్టి ఉంచిన వాననీళ్లనో సబ్బు పెట్టడానికి వాడుకుని, బోరునీళ్లను ముందు నానబెట్టడానికి మాత్రమే వాడుకోవడం మేలు. పట్టుకూ, పెడన, శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాలకూ కుంకుడు రసాన్ని మించినది లేదు, తెల్లబట్టలకు మాత్రం నేను వాడను. రంగుబట్టలను తిరగేసి నీడన ఆరేయడం, ఒక్కపూట కట్టిన చీరను ఉతుకుకు వేయకుండా గాలికి ఆరబెట్టి మడత పెట్టడం, పట్టుచీరల మడతలను రెండు మూడు నెలలకొకసారి మార్చడం కొత్తగా చెప్పవలసినవి కావు.

కొత్తగా చెప్పవలసింది పాలిస్టర్ గురించి. ఉతికినప్పుడల్లా సింథటిక్ బట్టల నుంచి కంటికి కనిపించనంత సన్నని పోగులు ఊడి నీళ్లలో కలుస్తాయి. మహాసముద్రాల్లోకి చేరే ప్రాథమిక (అంటే మొదటే సన్నని రేణువులుగా విడుదలయ్యే) సూక్ష్మ ప్లాస్టిక్‌లో దాదాపు 35 శాతం ఇలా బట్టలు ఉతకడం వల్ల వచ్చినదేనని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య 2017లో అంచనా వేసింది. కొత్త వాషింగ్ మిషన్లకు ఈ పోగులను పట్టే వడపోత ఉండాలని ఫ్రాన్స్ 2020లోనే చట్టం చేసింది. మన దగ్గర అలాంటి చట్టం వచ్చేదాకా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి: మిషనును సగం నింపి కాకుండా పూర్తిగా నింపి తిప్పడం, వేడినీళ్లు మానడం, సింథటిక్ బట్టలను అవసరమైనప్పుడే ఉతకడం. మిషనులోని చిన్న జాలీ సంచిలో పేరుకున్న దూదిలాంటి ముద్దను చాలామంది కుళాయి కింద కడిగేస్తారు. అలా కడిగితే జాలీ పట్టి ఆపినదంతా మళ్లీ మురుగుకాలవలోకే పోతుంది. దాన్ని ఆరనిచ్చి, చేత్తో తీసి పొడిచెత్తలో వేయాలి.

ఈ సందర్భంలో ఒక అభ్యంతరం కూడా చెప్పాలి. పాతబట్టల పేరు చెప్పి జిప్పులు, అద్దాలు, లేసులు, రంగు దారాలు కొత్తగా కొని, ఎవరూ వాడని అలంకరణ సంచులు కుప్పలుగా కుట్టడాన్ని పర్యావరణ సేవ అనడం నాకు సమ్మతం కాదు. అంతకన్నా, వాడి వాడి మెత్తబడిన నూలు చీరలు నాలుగు కలిపి బొంత కుట్టుకోవడం, అదీ కాకపోతే పసిపిల్లల గుడ్డలుగానో ఇల్లు తుడిచే గుడ్డలుగానో వాడుకోవడం ఎంతో నయం.

అధికారులకు నా విన్నపాలు మూడు. ఉచిత కుట్టు శిక్షణలో కొన్ని రోజులైనా వాడిన దుస్తులను విప్పి, సరిచేసి, మాసిక వేసి, రఫ్ఫు చేయడం నేర్పించాలి. రెండు రాష్ట్రాల్లోనూ జరిగే లోయర్, హయ్యర్ గ్రేడ్ టైలరింగ్ పరీక్షల ప్రాక్టికల్స్‌లో ఈ పనికి చెప్పుకోదగ్గ మార్కులు కేటాయించాలి. రెండవది, పాతబట్టలు, పుస్తకాలు తీసుకునేందుకు 2023 మే నెలలో పట్టణాల్లో తెరిచిన ట్రిపుల్ ఆర్ (రెడ్యూస్, రీయూజ్, రీసైకిల్ - తగ్గించు, మళ్లీ వాడు, రీసైకిల్ చేయి) కేంద్రాల్లో ఒక కుట్టుమిషను పెట్టి, శిక్షణ పొందిన మహిళ ఒకరు వారంలో కొన్ని రోజులు నిర్ణీత రేటుకు మరమ్మతులు చేసే ఏర్పాటు చేయాలి. రేట్ల పట్టిక గోడమీద ఉంటే బేరాలూ ఉండవు, ఆమెకు గిట్టుబాటూ అవుతుంది.

మూడవది, బడిపిల్లల యూనిఫాంలు. లక్షల సంఖ్యలో ఒకే కొలతల పట్టిక ప్రకారం కుట్టే ఈ దుస్తుల్లో ప్యాంటుకూ లంగాకూ అడుగున రెండంగుళాల మడత, పక్కల అంగుళం చొప్పున గుడ్డ వదిలి కుట్టాలని పని అప్పగించే ఉత్తర్వులోనే రాయాలి. అందుకు పట్టే అదనపు గుడ్డ కొద్దిపాటిదే. కుట్టేవారికి పడే అదనపు శ్రమకు జతకు ఐదు రూపాయలు కలిపినా న్యాయమే. జూన్‌లో ఇచ్చిన ప్యాంటు సంక్రాంతి సెలవుల తరువాత చీలమండల పైకి ఎక్కిన పిల్లవాడికి ఇంట్లో తల్లి ఆ మడత విప్పి, ఇస్త్రీ చేసి, మిగిలిన నెలలు గడిపించగలుగుతుంది. వచ్చే విద్యాసంవత్సరానికి గుడ్డ కత్తిరించడం మొదలుకాకముందే ఉభయ రాష్ట్రాల విద్యాశాఖలు దీన్ని పరిశీలించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తెనాలి.