చిన్న వంటగదికి లోతు తక్కువ అలమరలే మేలు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

నెల్లూరులో వేదాయపాళెం, పొదలకూరు రోడ్డు పరిసరాల్లో లేస్తున్న అపార్టుమెంట్లను చూస్తే, హాలు మీద పెట్టిన శ్రద్ధ వంటగది మీద పెట్టడం లేదనిపిస్తున్నది. భోజనాల గది వేరుగా ఉన్నప్పుడు వంటగది కనీసం 5 చదరపు మీటర్లు, అంటే సుమారు 54 చదరపు అడుగులు ఉండాలని 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతున్నది. మా ఫ్లాటులో అది 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు మాత్రమే. పల్లెలో పెద్ద ఇంటి నుంచి వచ్చిన నేను మొదటి ఏడాదంతా అందులో అవస్థ పడ్డాను; ఇప్పుడు అదే గదిలో నలుగురికి రెండు పూటలా ఇబ్బంది లేకుండా వండుతున్నాను. ఈ తేడాకు ముఖ్య కారణం అలమరల లోతు.

గట్టు కింద కట్టే అలమరలు సాధారణంగా 2 అడుగుల లోతు ఉంటాయి. ముందు వరుస డబ్బాలు తీస్తే తప్ప వెనుక వరుస కనబడదు. కనబడని కందిపప్పు పురుగు పట్టేదాకా గుర్తుకు రాదు, ఇంట్లో ఉన్న సరుకే మళ్లీ కొంటాము. అందుకని ఎదురు గోడకు నడుము ఎత్తు నుంచి చేయి అందేంత వరకు 8 అంగుళాల వెడల్పు చెక్కలు అరలుగా బిగింపించి, డబ్బాలన్నీ ఒకే వరుసలో పెట్టాను. పోపుల డబ్బా పొయ్యికి చేరువలో ఉండవచ్చు గాని, నెలకు సరిపడా మిరప్పొడి, ధనియాల పొడి మాత్రం ఆవిరీ వేడీ తగలని ఆ గోడకే ఉండాలి, ఎందుకంటే మన సముద్రతీరపు తేమకు పొడులు ఊరికే గడ్డ కడతాయి. ఉదయగిరి చెక్క గరిటెలు సొరుగులో బూజు పడుతున్నాయని గోడకు కొక్కేలు కొట్టించి తగిలించాను. అవి గాలికి ఆరి ఈనాటికీ బాగున్నాయి. వెనుకటి ఇళ్లలో ఉట్టి, గోడ గూడు చేసిన పని ఇదే.

అటక విషయంలో చాలామంది పొరబడుతున్నారు. ఎప్పుడో గాని తీయము కదా అని ఆవకాయ జాడీలను పైకెక్కిస్తారు. స్టూలు మీద నిలబడి నిండు జాడీని దించడం ఎంత ప్రమాదమో ఒక్కసారి దించిన వారికి తెలుసు. జాడీలు, పీట మీద 25 కిలోల బియ్యం బస్తా, చేపల పులుసు చట్టి కిందనే ఉండాలి. పండుగలకు తీసే ఖాళీ గుండిగలు అటక మీద ఉంటే చాలు.

వీటన్నిటికంటె నన్ను కలవరపెడుతున్నది సిలిండరు. అందం కోసం దానిని అన్ని వైపులా మూసిన అలమరలో పెట్టి, పక్కనే ఉల్లిపాయల బుట్ట ఇరికిస్తున్నారు. వంటగ్యాసు గాలికంటె బరువైనది; లీకయితే నేలమట్టాన పేరుకుంటుంది. కనుక ఆ తలుపు అడుగున జాలీ తప్పనిసరిగా ఉండాలి, సిలిండరు నిలువుగా ఉండాలి, పొయ్యి దానికంటె ఎత్తులో ఉండాలి. 5 ఏళ్లకోసారి మార్చవలసిన రబ్బరు ట్యూబు సామాను మాటున పడితే దాని పగుళ్లు ఎవరి కంటా పడవు.

బిల్డర్లకు, ప్లాను గీసే ఇంజనీర్లకు నాదొక విన్నపం. గట్టు కట్టక ముందే వంట చేసే మనిషిని అక్కడ నిలబెట్టి, మోచేతికి కొంచెం కిందుగా ఎత్తు కొలుచుకోండి. మిక్సీ, గ్రైండరు, ఫ్రిజ్ ఎక్కడ పెడతారో అడిగి, పూత పని మొదలు కాకముందే ప్లగ్గు పాయింట్లు గుర్తించండి. ఫ్లాటు అప్పగించిన తరువాత గోడ పగులగొట్టి ఈ పనులు చేయించుకొనే స్తోమత మాలాంటి కుటుంబాలకు ఉండదు.

ఇట్లు,
ఒక గృహిణి,
వేదాయపాళెం, నెల్లూరు.