కాజా టోల్‌గేటు సంగతి నేను అడగను

విజయవాడ,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మలూ,

గోంగూర పచ్చడి డబ్బా కింద ఈ కాగితాలు పెట్టి శేషు చేత పంపుతున్నాను. నూనె మరకలైతే అయ్యాయిలే గానీ మొత్తం చదువు. ఫోనులో చెబితే "సరేలే అమ్మా, చూస్తాలే" అని పెట్టేస్తావు. అది కూడా నువ్వు ఫోను ఎత్తితే గదా. పదహారు రోజులైంది. గుంటూరేమన్నా సముద్రాల అవతల ఉందా? పోనీలే, ఆఫీసు, బుజ్జిగాడి పరీక్షలు, తెలుసు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నాన్న ఉప్పు తగ్గించారు, కోపం తగ్గలేదు. శేషు పెళ్లిచూపులు మళ్లీ వాయిదా పడ్డాయి. మొన్న చిన్నత్త వచ్చి పూటంతా ఉండి వెళ్లింది. కాజా టోల్‌గేటు దగ్గర నీ కారు ముందు లారీకి మూరెడు దూరంలో ఆగిందట. నేను అడగను, చెప్పాలనుకుంటే నువ్వే చెబుతావు. చిన్నత్త మాటల్లో సగం తీసెయ్యాలని నాకూ తెలుసు. సగం తీసేస్తే మూర కాస్తా రెండు మూరలవుతుంది, అంతేగా.

అల్లుడుగారు ముందు చక్రాల బ్రేకులకి డిస్కులూ (చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్లేలు), ప్యాడ్లూ (వాటిని రెండు వైపులా నొక్కి ఆపే బిళ్లలు) ఆన్‌లైన్లో చూస్తున్నారని కూడా అంది. చూడనివ్వు. కొనే ముందు మాత్రం ఇది ఆయనకి చదివి వినిపించు.

ముందు జబ్బేమిటో తేలాలి. బ్రేకు మెల్లగా తొక్కితే సన్నగా కీచుమంటోందా, గరగరమంటోందా? కీచుమంటే ప్యాడుకుండే చిన్న ఇనప రేకు డిస్కుని తాకుతోందేమో. లైనింగు, అంటే ప్యాడు మీద అరిగే పొర, రెండు మూడు మిల్లీమీటర్లకి వచ్చేసరికి అరవాలనే దాన్ని పెడతారు, అంటే ఇంకా టైముంది. గరగరమంటే లైనింగు అయిపోయి వెనక ప్లేటే డిస్కుని గీరుతోంది. అలాగైతే ఆ పూట నుంచి కారు తియ్యకు, ఆటోలో వెళ్లు. 80లో పోతుంటే ఊరికే స్టీరింగు వణికితే అది వీల్ బ్యాలెన్సింగు గొడవ. బ్రేకు తొక్కినప్పుడే వణికితే డిస్కు. తొక్కగానే బండి ఒక పక్కకి లాగితే ఒకవైపు క్యాలిపర్, అదే ప్యాడ్లని డిస్కుకి నొక్కే బిగింపు, పట్టేసింది. పెడలు మెత్తగా లోపలికి దిగిపోతుంటే డిస్కూ కాదు, ప్యాడూ కాదు, బ్రేక్ ఆయిల్లో గాలి చేరింది, లేకపోతే ఆయిల్ పాతబడి నీరు పట్టింది. వీటిలో కాజా దగ్గర ఏది జరిగింది? లేక ఫోను చూసుకుంటున్నావా? 80లో ఉన్న బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది, ఫోను మీద నుంచి కళ్లు ఎత్తేలోపు మనింటి ముందు నుంచి సందు చివరికి. సరే, అడగనన్నాను.

చక్రం ఊడదీసి చూడందే ప్యాడ్లు అయిపోయాయని ఎవరన్నా నమ్మకు. కొత్త ప్యాడుకి లైనింగు 10, 12 మిల్లీమీటర్లు ఉంటుంది, 3కి వస్తే మార్చెయ్యాలి. బయటి ప్యాడు ఒక్కటే చూసి "బానే ఉంది మేడమ్" అంటారు. లోపలిది కూడా చూపించమను, ఎక్కువగా ముందు అరిగేది అదే. డిస్కు సంగతి వేరు. ఎంత మందం దాకా వాడొచ్చో డిస్కు మీదే, అంచు దగ్గరో మధ్య గిన్నె మీదో, పోతపోసో చెక్కో ఉంటుంది. తుప్పు గీకితే కనిపిస్తుంది. కొత్తప్పుడు 22 ఉన్న డిస్కుకి 20 అని ఉందనుకో, ఆ రెండు మిల్లీమీటర్లే దాని ఆయుష్షు. కొలవడంలో ఒక తిరకాసుంది. ప్యాడు తగలని చివరి అంచు అరగదు, గట్టులా మిగిలిపోతుంది. మందం కొలిచే వెర్నియర్ దవడలు ఆ గట్టు మీద కూర్చుంటే అరిగిన డిస్కు కూడా కొత్తదానిలా చూపిస్తుంది. మైక్రోమీటర్ లేకపోతే రెండు ఒకేరకం రూపాయి బిళ్లలు తీసుకుని, డిస్కుకి అటొకటి ఇటొకటి గట్టుకి లోపలగా ఆనించి, వాటి మీద వెర్నియర్ పట్టి, బిళ్లల మందం తీసెయ్యమను. చుట్టూ నాలుగైదు చోట్ల. మందం ఇంకా మిగిలి ఉండి గాడులు మాత్రమే పడితే లేత్ మీద తేలిగ్గా పట్టించొచ్చు. కానీ పట్టించాక కూడా ఆ అంకెకి పైనే ఉండాలి. ఇప్పుడు 20.4 ఉందనుకో, పట్టించడం దండగ, కొత్తవే వేయించు.

ఇక కొనడం. మోడల్ పేరు చెప్పి కొనొద్దు. అదే పేరు, అదే సంవత్సరం, పెట్రోలుకి ఒక సైజు డీజిలుకి ఒక సైజు ఉంటాయి. ఆర్సీలో ఛాసిస్ నంబరు ఉంటుంది, అది పెట్టి పార్ట్ నంబరు తీయించాలి. ఆర్సీ ఫోటో నాకు వాట్సాప్‌లో పెట్టు, మన విడిభాగాల దుకాణంలోనే తీసి ఉంచుతాను. ఆన్‌లైన్లో పెట్టె మీద "సరిపోతుంది" అని ఉన్నంత మాత్రాన సరిపోదు, ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా వాపసు పంపేదాకా కారు జాకీ మీదే. చిల్లుల డిస్కులు, గీతల డిస్కులు చూడ్డానికి బాగుంటాయి. అల్లుడుగారికి నచ్చుతాయని నాకు తెలుసు. మీరు తిరిగే తిరుగుడికి వాటితో ఒరిగేదేమీ లేదు, నాసిరకం వాటికి చిల్లుల దగ్గరే బీటలు వస్తాయి. కంపెనీ ఇచ్చినట్టే మధ్యలో గాలి పోయే సందులున్న మామూలు డిస్కు చాలు. మధ్య గిన్నెకీ అంచుకీ తుప్పుపట్టని పూత ఉన్నది దొరికితే నాలుగు రూపాయలు ఎక్కువైనా తీసుకోండి.

ప్యాడ్లలో సెమీ మెటాలిక్ అని ఉంటాయి, వేడెక్కినా పట్టు వదలవు గానీ చప్పుడు, నల్లపొడి ఎక్కువ, డిస్కుని కూడా తింటాయి. ఆర్గానిక్ మెత్తగా, చప్పుడు లేకుండా ఉంటాయి, ఆపకుండా తొక్కుతూ పోతే వేడికి త్వరగా జారతాయి. సిరామిక్ పొడి తక్కువ, ఖరీదు ఎక్కువ. మీ కారుకి కంపెనీ ఏ రకం వేసిందో అదే వేయండి. కంపెనీ పెట్టెలో వచ్చినదైనా సరే, బాష్, రానే, బ్రెంబో లాంటి పేరున్నదైనా సరే. చాలా ప్యాడ్ల అంచు మీద కోడ్ చివర రెండు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాగినప్పటి పట్టు. ఇ కంటే ఎఫ్, ఎఫ్ కంటే జి ఎక్కువ. ఎఫ్ఎఫ్ ఉంటే కుటుంబం కారుకి నిక్షేపం. ఎఫ్ఇ అని ఉంటే కాగాక పట్టు తగ్గుతుందని అర్థం. దసరాకి శ్రీశైలం వెళ్తున్నారని అదీ చిన్నత్తే చెప్పింది, నాకు మాత్రం ఎవరూ చెప్పరు. దోర్నాల ఘాటు దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టుకుని దిగకండి, రెండో గేరులో వేసి ఇంజను చేత ఆపించండి.

దేనికైనా జతే. ఎడమ ప్యాడు ఒక్కటే అరిగినా రెండు వైపులా మార్చాలి, డిస్కూ అంతే. కొత్త డిస్కుకి పాత ప్యాడ్లు వెయ్యనివ్వకు. పాత ప్యాడు పాత గాడుల ఆకారంలోనే అరిగి ఉంటుంది, కొత్త డిస్కు మీద గట్లే ఆనుతాయి, సగం పట్టు ఉండదు. అసలు అరిగింది ఒక్క పక్కనే అయితే ఎందుకని అడుగు. అడగకపోతే ఏమవుతుందో సింగ్‌నగర్ పెదనాన్న కారు ఉందిగా.

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లలో ఆ కారు మునిగింది గదా. సీట్లు ఎండబెట్టారు, ఇంజను ఆయిల్ మార్చారు, బ్రేకుల జోలికి పోలేదు. డిస్కు మీద తుప్పు నాలుగు బ్రేకులు కొడితే పోయింది, పెదనాన్న బాగైపోయిందనుకున్నారు. క్యాలిపర్ అటూ ఇటూ జరిగే పిన్నుల్లోకి నీళ్లు దూరి గ్రీజు గడ్డకట్టింది. క్యాలిపర్ జరగకపోతే బయటి ప్యాడు డిస్కుని నొక్కదు, భారమంతా లోపలి దాని మీదే. ఆరు నెలలకి కుడి పక్క లోపలి ప్యాడు రేకైంది, గన్నవరం వెళ్లొచ్చేసరికి ఆ చక్రం పెనంలా కాలుతోంది. మెకానిక్ ప్యాడ్లు వేశాడు, పిన్నులు ముట్టుకోలేదు. మళ్లీ అదే. ఈసారి గాడిపడిన డిస్కు ఒక్కటే మార్చారు, బండి పక్కకి లాగడం మొదలెట్టింది. చివరికి రెండు డిస్కులూ, ప్యాడ్లూ, పిన్నులూ అన్నీ వేయించారు. నాలుగు వేల కిలోమీటర్లు వెన్నలా నడిచింది. తర్వాత బ్రేకు తొక్కితే స్టీరింగు వణుకు. "డిస్కులు వంకరపోయాయి, నాసిరకం అంటగట్టారు" అని పెదనాన్న మూడు దుకాణాల్లో గొడవ పెట్టుకున్నారు, అందులో ఒకటి మనదే. డిస్కులు నిక్షేపంలా ఉన్నాయి. అవి కూర్చునే హబ్బు (చక్రం నడిమి భాగం) మీద వరద నాటి తుప్పు పొక్కులు గీకకుండా బిగించారు. ఊగుడు కొలిచే డయల్ గేజి పెడితే డిస్కు తిరుగుతూ 0.12 మిల్లీమీటర్లు ఊగుతోంది. అంత ఊగితే బ్రేకు తొక్కకపోయినా ప్రతి చుట్టుకీ ఒకే చోట ప్యాడుకి రాసుకుంటుంది, వేల కిలోమీటర్లకి ఆ చోటు పలచబడుతుంది. అందుకే మొదట్లో తెలియదు. హబ్బు వైర్ బ్రష్‌తో, ఎమరీతో మెరిసేదాకా తోమి, డిస్కులు తేలిగ్గా లేత్ పట్టి మళ్లీ వేస్తే 0.03కి వచ్చింది. ఇప్పటికీ ఆ డిస్కులే. పెదనాన్న మాత్రం మన దుకాణం ముందు నుంచి తల తిప్పుకునే వెళ్తారు.

కాబట్టి పని జరిగేటప్పుడు అల్లుడుగారిని అక్కడే నిలబడమను. క్యాలిపర్ విప్పాక బ్రేక్ ఆయిల్ పోయే హోసు మీద వేలాడదియ్యకూడదు, తీగతో కట్టాలి. హబ్బు తోమాలి. కొత్త డిస్కు మీద నూనె పూత ఉంటే బ్రేక్ క్లీనర్‌తో తుడవాలి, పెట్రోలు గుడ్డతో కాదు. పిన్నులకి సిలికాన్ గ్రీజు రాయాలి, మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బుతుంది. ప్యాడుతో వచ్చిన క్లిప్పులు కొత్తవే వెయ్యాలి, పాతవి తుడిచి వేసి కొత్తవి జేబులో వేసుకునేవాళ్లుంటారు. ప్యాడుని నెట్టే పిస్టను వెనక్కి నొక్కితే పైన డబ్బాలో ఆయిల్ పొంగుతుంది, పెయింటు మీద పడితే ఊడిపోతుంది, ముందే కొంచెం తీసేయాలి. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే ఆ చేత్తోనే మార్పించండి. డాట్ 4 రకం ఆయిల్ కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, నీరు పట్టాక ఆ లెక్క 155కి పడిపోతుంది. ఘాటు మీద పెడలు మెత్తబడేది అందుకే.

అన్నీ బిగించాక, కారు కదలకముందు, పెడలు గట్టిపడేదాకా పంపు కొట్టినట్టు మళ్లీ మళ్లీ తొక్కాలి. ఇది రెండుసార్లు చదువు. పిస్టను వెనక్కి పోయి ఉంటుంది, మొదటి తొక్కుడుకి బ్రేకే ఉండదు. షెడ్డులోంచి వెనక్కి తీస్తూ గోడకి గుద్దినవాళ్లున్నారు.

కొత్త ప్యాడు మొదటి రోజే పట్టదు. పొద్దున్నే ఇన్నర్ రింగ్ రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు 60 నుంచి 20కి మెల్లగా తెచ్చి, అరనిమిషం నడిపి, మళ్లీ. అలా పది సార్లు. మధ్యలో పూర్తిగా ఆపి కాలు నొక్కి పెట్టకండి, వేడి ప్యాడు ముద్ర డిస్కు మీద పడుతుంది. తర్వాత 300 కిలోమీటర్ల దాకా ముందు బండికి దూరంగా ఉండు. టోల్‌గేటు దగ్గర మరీను.

నాన్న ఇది చదివి, వెనక చక్రాల బ్రేకు డ్రమ్ములు కూడా విప్పి చూడమని రాయమన్నారు. ఇంకేమీ అనలేదు. రాత్రి రెండుసార్లు లేచి మంచినీళ్లు తాగారు, అంతే.

పచ్చడిలో వెల్లుల్లి వెయ్యలేదు, బుజ్జిగాడు తినడని. తడి చెంచా పెట్టకు.

పాత ప్యాడ్లు షెడ్డులో వదిలెయ్యొద్దు. కుడి లోపలిది, కుడి బయటిది, ఎడమ లోపలిది, ఎడమ బయటిది అని స్కెచ్ పెన్నుతో రాసి శేషు చేత పంపు. నువ్వు చెప్పకపోయినా అవి చూస్తే కొంత తెలుస్తుంది నాకు. పచ్చడి డబ్బాలో పెట్టి మాత్రం పంపకు.

మీ అమ్మ