కాటా ప్రోగ్రాం కొత్త విండోస్‌కు మార్చడం గురించి మా మిల్లు ఖాతాదారులకు

స్టోన్‌హౌస్‌పేటలోనూ నెల్లూరు చుట్టుపక్కల మిల్లుల్లోనూ మా కాటా ప్రోగ్రాం వాడుతున్న అందరికీ నమస్కారం. కొత్తగా విండోస్ 11 కంప్యూటర్లు పెట్టిన రెండు మిల్లుల్లో తూకం తప్పు వచ్చింది. సగం మంది ఇప్పటికే విన్నారు, అదీ రకరకాలుగా. అందుకే జరిగింది నేనే చెబుతున్నాను.

ఒక లారీ కాటా దిగింది. నెట్ 13,600 కిలోలు, మన 850 కిలోల పుట్టి లెక్కలో సరిగ్గా 16 పుట్లు. దాని వెనక ట్రాక్టర్ వచ్చింది. కౌంటర్‌లో స్క్రీన్ మీద మళ్లీ అదే 13,600. స్లిప్పు కూడా అదే అంకెతో వచ్చేసింది. ట్రాక్టర్ ట్రక్కులో 16 పుట్లు ఎక్కడ పడతాయి? గుమస్తా చూసి ఆపేశాడు. "ఏందన్నా, బండి మారినా తూకం మారలా?" అని నాకు ఫోన్. రెండో మిల్లులోనూ ఇదే వరస. రెండుచోట్లా డబ్బు చెల్లించకముందే పట్టుకున్నారు, ఎవరికీ నష్టం రాలేదు.

మన పాత ప్రోగ్రాం డాస్‌లో, అంటే విండోస్‌కు ముందు కాలపు సిస్టంలో, నేను రాసింది. కాటా గదిలోని కంప్యూటర్ నుంచి కౌంటర్‌కు తూకం ఐపీఎక్స్ అనే పాత నెట్‌వర్క్ పద్ధతిలో ప్యాకెట్లుగా, అంటే చిన్న డేటా మూటలుగా, వెళ్లేది. నోవెల్ నెట్‌వేర్ అనే నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ నడిచిన రోజుల్లో ఆఫీసుల్లో అదే వాడుక. అడ్రసులు ఇచ్చే పని లేదు, నెట్‌వర్క్ కార్డు నంబరే దాని అడ్రసు. కేబుల్ గుచ్చితే చాలు. ఐపీఎక్స్‌ను మైక్రోసాఫ్ట్ విండోస్ ఎక్స్‌పీ దాకా ఉంచి, ఆ తర్వాతి విస్టాలో తీసేసింది. అందుకే 2014లో ఎక్స్‌పీకి అప్‌డేట్లు ఆగిపోయినా కాటా గదుల్లో వాటినే నడిపించాను, ఇంటర్నెట్ తగలనీయకుండా. నాది మ్యూజియం అని వెక్కిరించినవాళ్లు ఉన్నారు. ఆ మ్యూజియంలో ఒక బండి తూకం ఇంకో బండికి ఎప్పుడూ పడలేదు.

ఇక కుదరదని నాకూ తెలుసు. ఎక్స్‌పీ పెట్టెలకు బోర్డులు, డిస్కులు దొరకడం లేదు. జీఎస్టీ పనికి పక్కన పెట్టుకున్న విండోస్ 10కు కూడా 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. మీరంతా కొత్తవి కొని, అన్నీ ఒకదాంట్లోనే పెట్టమన్నారు. విండోస్ 11లో డాస్ ప్రోగ్రాంలను నడిపించే 32 బిట్ రకమే లేదు, డాస్ ప్రోగ్రాం నేరుగా తెరుచుకోదు. నెట్‌వర్క్ భాగం ఇప్పుడు అంతటా వాడే టీసీపీ/ఐపీ పద్ధతికి మార్చే పని చెన్నైలో ఒకరికి అప్పగించి అడ్వాన్స్ ఇచ్చాను.

ఆయన ఏం చేశాడంటే, తూకాన్ని యూడీపీ అనే పద్ధతిలో ఒక్కసారి పంపి వదిలేశాడు. యూడీపీలో ప్యాకెట్ చేరిందా లేదా అన్న కబురు తిరిగి రాదు. దారిలో పోతే పోయినట్టే, స్క్రీన్ మీద పాత బండి అంకె అలాగే నిలబడుతుంది. ఐపీఎక్స్ కూడా అంతే, గ్యారంటీ లేనిదే. అందుకే నేను పాత ప్రోగ్రాంలో ప్రతి తూకానికి వరస నంబరు పెట్టాను. కౌంటర్ నుంచి 'అందింది' అని రాకపోతే మళ్లీ పంపుతుంది, బండి దిగగానే స్క్రీన్ ఖాళీ చేస్తుంది. నా కోడ్ మొత్తం ఆయన చేతిలో పెట్టాను. చదివితే కదా! అడిగితే, "టీసీపీ వేస్తే సరిపోతుంది సార్" అన్నాడు. టీసీపీ అయితే ప్యాకెట్ చేరిందా లేదా చూసుకుని మళ్లీ పంపుతుంది, నిజమే. కానీ అదొక్కటే సరిపోదు. కేబుల్ ఊడితే టీసీపీలో కనెక్షన్ తెగుతుంది, స్క్రీన్ మీద అంకెను ఎవరు తుడుస్తారు? ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. అడ్వాన్స్ సంగతి వేరే, అది నా తలనొప్పి.

నాకు నిద్ర లేకుండా చేసింది ఇంకొకటి. డాస్‌బాక్స్ అని ఉంది, కొత్త కంప్యూటర్లో పాత డాస్‌ను అనుకరించే ప్రోగ్రాం. అందులో పాత ప్రోగ్రాం విండోస్ 11 మీద కూడా నడుస్తుంది, ఐపీఎక్స్ ప్యాకెట్‌ను యూడీపీలో చుట్టి పంపుతుంది. పాత ఉత్తరాన్ని కవరుతో సహా కొత్త కవర్లో పెట్టి పోస్ట్ చేసినట్టు. మా షాపులో పెట్టి చూస్తే బాగానే నడిచింది. దాన్నే 'కొత్త వెర్షన్' అని ఇచ్చి బిల్లు వేసి ఉండొచ్చు, మీకెవరికీ తెలిసేది కాదు. చాలా ఊగిసలాడాను. ఇంట్లోవాళ్లు కూడా అదే చేయమన్నారు. కానీ రేపు నేను లేకపోతే ఆ కవరు విప్పేవాడు ఉండడు. అందుకని డాస్‌బాక్స్ కోతల సీజన్ గడిచేవరకే. నెట్‌వర్క్ భాగం టీసీపీ మీద నేనే మళ్లీ రాస్తున్నాను, నా వరస నంబర్లతో సహా. ఈ వయసులో ఎందుకని అడగొద్దు.

చెన్నై వెర్షన్ పెట్టిన రెండు మిల్లుల్లోనూ దాన్ని తీసేశాను. 850 కిలోల పుట్టి లెక్క, మీ పాత ఖాతాలు, స్లిప్పుల సైజు ఏవీ మారవు. మార్పుకు మీ దగ్గర పైసా తీసుకోను. పాత ఎక్స్‌పీ పెట్టెలు మాత్రం అప్పుడే పాత సామాన్ల వాడికి వేయకండి.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. ఐపీఎక్స్‌లా కాదు, ఇప్పుడు కాటా కంప్యూటర్‌కు నేను ఒక ఐపీ అడ్రసు కట్టిపెడతాను. ఇంటర్నెట్ వాళ్లు వచ్చి రౌటర్ మార్చి ఆ అడ్రసు కదిలించారంటే కౌంటర్‌కు తూకం రాదు. వాళ్లు పెట్టె విప్పకముందే నాకు ఫోన్ చేయించండి. "మాకు తెలుసులే" అంటే ఆపి ఉంచండి, నేనే బండేసుకొని వస్తాను.