పిల్లల్ని బెంచీల మీంచి లేవనివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం,

కదలకుండా కూర్చుంటేనే చదువు వస్తుందనే నమ్మకం మనలో ఇంకా పోలేదు, అదే నా బాధ. నేలమీద సుద్దతో గీత గీసి అంకెలు వేసి, మూడు దగ్గర నిలబడ్డ పిల్లాణ్ణి ఐదు అడుగులు వెనక్కి వేయమంటే సున్నా దాటి మైనస్ రెండు మీద ఆగుతాడు, ఇక ఆ లెక్క బట్టీ పట్టాల్సిన పని లేదు. చంద్రుడి ఒకే ముఖం మనకెందుకు కనిపిస్తుందో బోర్డు మీద బొమ్మ గీసి చెబితే చాలామందికి ఎక్కదు. ఒకరిని భూమిగా మధ్యలో నిలబెట్టి, ఇంకొకరిని చంద్రుడిగా ఆ భూమి వైపే ముఖం పెట్టి చుట్టూ నడవమనండి, ఒక చుట్టు పూర్తయ్యేసరికి ఆ నడిచినవాళ్లు గది నాలుగు గోడల వైపూ తిరిగేసి ఉంటారు, అంటే తమ చుట్టూ తాము కూడా ఒకసారి తిరిగినట్టే!

ఇదేం కొత్త సంగతి కాదు, ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో మొదలుపెట్టిన బడిలో పిల్లలు వస్తువుల్ని చేత్తో పట్టుకునే నేర్చుకున్నారు.

గోల అవుతుందని, సిలబస్ పూర్తవదని టీచర్లకు టెన్షన్ ఉంటుంది, నిజమే. ఆట అయ్యాక ఏం గమనించారో పిల్లల చేతే చెప్పించాలి, అది వదిలేస్తే మాత్రం ఉత్త ఆటే మిగులుతుంది. పీరియడ్‌లో పది నిమిషాలు చాలు, హెడ్‌మాస్టర్లు దయచేసి అడ్డు చెప్పకండి.

ఇట్లు,
ఒక టీచరు