షాపుల్లో మా పిల్లల్ని కనిపెట్టుకున్న మీ అందరికీ కృతజ్ఞతలు

చంటిపిల్లల్ని చంకనేసుకుని పండగ బట్టలకీ, నెల సరుకులకీ వచ్చే తల్లిదండ్రులందరి తరఫునా ఈ కృతజ్ఞతలు. విజయవాడ బీసెంట్ రోడ్డు మొదలుకొని సికింద్రాబాద్ జనరల్ బజార్ దాకా పరుపుల మీద చీరలు పరిచి చూపించే అక్కలకి, పిల్లల బట్టల సెక్షన్లో అమ్మాయిలకి, చెప్పుల షాపులో నేల మీద మోకాలు ఆనించి బూటు తొడిగే తమ్ముళ్ళకి, బిల్లింగ్ కౌంటర్లో చెల్లెళ్ళకి, గుమ్మం దగ్గర సెక్యూరిటీ అన్నలకి. ఊరికే థ్యాంక్స్ అనేస్తే మీరు చేసిందేమిటో పక్కవాళ్ళకి తెలీదు. అందుకే విడమర్చి రాస్తున్నాం.

ముందు గుండుసూదుల సంగతి. కొత్త చొక్కా ప్యాకెట్టు విప్పి "బాబుకి వేసి చూడండమ్మా" అని చేతికిచ్చే లోపల మీరు చేసే పని చాలామంది కంట పడదు. చొక్కాని బోర్లా తిప్పి వీపు మడతలో, కాలరు వెనక, చేతుల అంచుల్లో, గుండీల పట్టీ కింద ఉన్న సూదులన్నీ తీసేస్తారు. కాలర్లో అట్టముక్క, ప్లాస్టిక్ క్లిప్పులు కూడా లాగేస్తారు. ఆ తర్వాత అరచేత్తో బట్టంతా ఒకసారి నిమురుతారు. కాలరు వెనక సూది బట్ట రంగులో కలిసిపోయి కంటికి కనిపించదు, చేతికే తగులుతుంది. తీసినవి బల్ల మీద వదలకుండా డబ్బాలో పడేస్తారు. పాకే పిల్లలకి దొరికిన ప్రతిదీ నోట్లోకే కదా. ఇంటికి తెచ్చుకున్న కొత్త చొక్కాకి మనమూ ఇదే వరసలో చూసుకోవాలి.

పట్టు పరికిణీ కొనేటప్పుడు మీరిచ్చిన సలహాలకి ఇంకో దండం. మూడేళ్ళలోపు పాపకి బొందు లంగా వద్దని, భుజాల మీద నిలిచేలా పైన బాడీ కుట్టించుకోమని చెప్తారు. ఆ వయసులో పిల్లల పొట్ట గుండ్రంగా ముందుకి ఉంటుంది, నడుము దగ్గర సన్నం ఉండదు. బొందు బిగిస్తే వాత పడుతుంది, వదులు చేస్తే లంగా జారిపోతుంది. నడుము నుంచి చీలమండ దాకా కొలిచి, ఇంకో రెండు మూడు అంగుళాలు కలిపి లోపలికి మడత వేయించుకోమంటారు. వచ్చే ఏడు ఆ మడత విప్పుకుంటే సరిపోతుంది. జాకెట్టుకి రెండు వైపులా అంగుళం చొప్పున కుట్టు వదలమంటారు. జరీ ఒంటికి తగిలే చోట మెత్తటి నూలు లైనింగ్ తప్పనిసరి అంటారు. అది లేకపోతే చంకల్లో, మెడ దగ్గర ఒరుసుకుని పిల్ల పెళ్ళి పందిట్లో ఏడుపు లంకించుకుంటుంది. ఖరీదైన బట్ట అంటగట్టే వీలున్నా పాప ఒంటికి ఏది సుఖమో అదే చెప్పిన వాళ్ళు మీరు.

చెప్పుల షాపు తమ్ముళ్ళు చేసేది చూడాలి. పాదం కొలిచేటప్పుడు పిల్లలు వేళ్ళు ముడుచుకుంటారు. కొలత తక్కువొస్తుంది, బూటు బిగుతవుతుంది. అందుకే మీరు పిల్లాణ్ణి నిలబెట్టి, పిక్క మీద మెల్లగా రాసి, వేళ్ళు విప్పుకున్నాకే కొలుస్తారు. రెండు పాదాలూ కొలిచి పెద్దదాని లెక్కన సైజు తీస్తారు. తొడిగాక ముందు భాగం బొటనవేలితో నొక్కి, సెంటీమీటరు పైచిలుకు ఖాళీ ఉందో లేదో చూస్తారు. ఎదిగే కాలు కదా అని రెండు సైజులు పెద్దది అడిగితే, మడమ జారి పిల్లాడు తట్టుకుంటాడని నచ్చజెప్తారు. సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది కాబట్టి బూట్లు ఆ పూటే కొనడం మంచిది.

పాలిచ్చే తల్లులకి మీరు చేసే సాయం గురించి రాయకపోతే ఈ పోస్టుకి అర్థం లేదు. విడిగా గది ఉన్న షాపులు తక్కువ. బిడ్డ గుక్కపట్టగానే మీరు రద్దీ తక్కువున్న అంతస్తులో ట్రయల్ రూమ్ ఖాళీ చేయించి, లోపల స్టూలు వేసి, తలుపు దగ్గర ఒకరు నిలబడతారు. స్టూలు గోడకి ఆనించి వేస్తారు, వీపుకి ఆసరా ఉండాలని. ఏసీ గాలి నేరుగా పసిబిడ్డ తల మీద పడకుండా చూస్తారు. డబ్బాపాలు కలుపుకునే వాళ్ళకి కూలర్ నీళ్ళు వద్దని చెప్పి, మీ భోజనాల గదిలో కెటిల్‌తో నీళ్ళు మరగబెట్టి తెచ్చిస్తారు. పాలపొడి కలిపే నీళ్ళు కనీసం 70 డిగ్రీల వేడి ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. పొడిలో సూక్ష్మక్రిములు ఉంటే ఆ వేడికి చస్తాయి. కలిపాక సీసాని చల్లటి నీళ్ళ గిన్నెలో తిప్పి, మణికట్టు మీద చుక్క వేసి చూసుకుని పట్టాలి. మిగిలినవి దాచకూడదు.

పిల్ల కనిపించకుండా పోయిన ఆ నాలుగైదు నిమిషాల గురించి కాస్త వివరంగా రాయాలి. తల్లి బుర్ర పనిచేయని సమయం అది. అప్పుడు పద్ధతిగా కదిలేది మీరే. మొదట సెక్యూరిటీ అన్న గుమ్మం దగ్గరికి వెళ్ళిపోతాడు. చిన్నపిల్లతో బయటికి వెళ్ళే ప్రతి ఒక్కరినీ ఆపి చూస్తాడు. ఒకరు లిఫ్టు దగ్గర, ఒకరు మెట్ల దగ్గర నిలబడతారు. తల్లిని పిల్ల తప్పిపోయిన చోటే ఉండమంటారు, ఎందుకంటే పిల్లలు చాలాసార్లు అక్కడికే తిరిగొస్తారు. వయసు, జుట్టు, గౌను రంగుతో పాటు చెప్పుల రంగు కూడా అడుగుతారు. పిల్లని ఎత్తుకెళ్ళేవాళ్ళు గౌను మార్చేయగలరేమో గానీ చెప్పులు మార్చడం చాలామందికి తట్టదు. మైకులో పాప పేరు అరవరు, పేరు విన్నవాడెవడైనా ఆ పేరుతో పిలిచి దగ్గరికి తీసుకోగలడు. తర్వాత వెతికే చోట్లు మీకు కంఠతా వచ్చు: వేలాడే బట్టల స్టాండు లోపల, ట్రయల్ రూముల్లో, బొమ్మల వరసలో, బల్లల కింద. దొరికాక కూడా మీ పక్కన కింద కూర్చోబెట్టుకుని, కళ్ళకి కళ్ళు ఎదురుగా పెట్టి మాట్లాడతారు. "అమ్మ పేరేంటి" అంటే రెండున్నరేళ్ళ పాప "అమ్మ" అనే చెప్తుంది. "నాన్న అమ్మని ఏమని పిలుస్తాడు" అని అడిగేంత తెలివి మీకు ఎవరు నేర్పారో గానీ, ఆ ఒక్క ప్రశ్నతో తల్లి పేరు బయటపడుతుంది.

అమెరికాలో ఉండే తెలుగువాళ్ళు అక్కడి స్టోర్లలో కోడ్ ఆడమ్ అనే మాట వినే ఉంటారు. 1994లో వాల్‌మార్ట్ మొదలుపెట్టిన పద్ధతి అది. గుమ్మాలు కాపలా కాయడం, ఆనవాళ్ళు అందరికీ చెప్పడం, పది నిమిషాల్లో దొరక్కపోతే పోలీసులకి ఫోన్ చేయడం. ఇక్కడ ఆ పేరు పెట్టకుండానే మీరు దాదాపు అదే చేస్తున్నారు. మన వైపు నుంచి చేయాల్సింది: షాపులోకి అడుగు పెట్టే ముందు ఫోన్లో పిల్లల ఫోటో ఒకటి, తల నుంచి చెప్పుల దాకా పడేలా. ముంజేతి మీద బాల్‌పెన్నుతో ఫోన్ నంబరు. దొరకడం ఆలస్యమైతే అత్యవసర నంబరు 112కి గానీ, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ ఫోన్ చేయాలి.

ఎస్కలేటర్ మొదట్లో నిలబడే అన్నలకి ప్రత్యేకంగా చెప్పాలి. పరికిణీ అంచు, మెత్తటి రబ్బరు చెప్పులు (క్లాగ్స్) మెట్టుకీ పక్క గోడకీ మధ్య సందులో ఇరుక్కుంటాయి. మీరు పాప పరికిణీ కుచ్చిళ్ళు పైకెత్తించి, పిల్లల్ని మెట్టు మధ్యలో నిలబెట్టించి, పిల్లల తోపుడు బండి (స్ట్రోలర్) తెచ్చినవాళ్ళని లిఫ్టు వైపు పంపిస్తారు. అందరూ తెలుసుకోవాల్సిన మాట ఒకటుంది. పైనా కిందా చివర్లలో ఎర్ర బటన్ ఉంటుంది. ఏదైనా ఇరుక్కుంటే వెంటనే అది నొక్కాలి, నొక్కే ముందు "గట్టిగా పట్టుకోండి" అని అరవాలి, ఆగే కుదుపుకి మిగతావాళ్ళు పడిపోకుండా.

సూపర్ మార్కెట్లో బిల్లు వేసే చెల్లెళ్ళు, మీ చేతి నేర్పుకి దండం. పిల్లాడు బిస్కెట్ ప్యాకెట్టు గుండెలకి హత్తుకుని వదలకపోతే లాక్కోరు. అదే రకం, అదే ధర ఉన్న ఇంకో ప్యాకెట్టు తెప్పించి స్కాన్ చేసి పక్కన పెట్టేస్తారు. ట్రాలీలో పాప కూర్చుని ఉంటే బియ్యం బస్తా, నూనె డబ్బా అడుగున పెట్టిస్తారు, సంచులు హ్యాండిల్‌కి తగిలించనివ్వరు. పాప బరువు పైన ఉంటుంది, దానికి సంచులు తోడైతే ట్రాలీ వెనక్కి తిరగబడుతుంది. పచ్చడి సీసా పగిలినప్పుడు మీ చేతులు ముందు పిల్లాణ్ణే ఎత్తుతాయి. గాజుముక్కలు, నూనె తర్వాత. నూనె మీద నీళ్ళు పోస్తే ఇంకా పాకుతుందని ముందు అట్టముక్కలు పరిచి పీల్పిస్తారు.

ఇంత చేసే మీకు కూర్చునే వీలు ఎక్కడ? మా పిల్లలకి స్టూలు తెచ్చేవాళ్ళు పొద్దున్నుంచి నిలబడే ఉంటారు. షాపుల్లో పనిచేసేవాళ్ళు కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో చట్టం సవరించింది, తమిళనాడు 2021లో సవరించింది. కస్టమర్లుగా మనం చేయగలిగింది, కౌంటర్లో అమ్మాయి కూర్చుని కనిపిస్తే "పర్లేదు, కూర్చునే చూపించమ్మా" అనడం.

పిల్లలతో వెళ్ళే మన వాళ్ళకి ఇంకో మాట. ఒక్క చీర విప్పితే జాకెట్టు ముక్కతో కలిపి ఆరు మీటర్లు దాటుతుంది. మళ్ళీ పాత మడతల మీదే మడవాలి, లేకపోతే జరీ విరుగుతుంది. పిల్లాడి చేతి చాక్లెట్ చీరకి అంటితే కుప్పలో దోపి లేచి వెళ్ళిపోకండి. ఆ మరక ఖరీదు ఆ అక్క జీతంలోంచి పోవచ్చు. అక్కడే చెప్పేయండి. వారం మధ్యలో పొద్దున పదకొండు ప్రాంతంలో వెళ్తే వాళ్ళకీ తీరిక, పిల్లలకీ విసుగుండదు. సాయం చేసినవాళ్ళకి నోట్లు ఇవ్వబోకండి, తీసుకుంటే మేనేజర్ తప్పుపట్టే షాపులు చాలా ఉన్నాయి. బదులుగా బ్యాడ్జి మీద పేరు, అంతస్తు, తేదీ చూసుకుని సలహాల పుస్తకంలో రాయండి, లేదా మేనేజర్ని పిలిచి వాళ్ళ ఎదురుగానే చెప్పండి. "స్టాఫ్ బాగున్నారు" అని రాస్తే ఎవరికీ చెందదు.

ఇంటికెళ్ళాక పాప కాలికి ఒక పట్టీ లేదని కనిపిస్తే వెంటనే షాపుకి ఫోన్ చేయండి. చిన్న మేజోళ్ళు, ఒంటి చెప్పు, పాల సీసా మూత, కొక్కెం ఊడిన వెండి పట్టీ, ఇలాంటివన్నీ ఊడ్చేటప్పుడు దొరికితే పారేయకుండా కవర్లో వేసి, తేదీ రాసి, బిల్లింగ్ సొరుగులో దాచే అక్కలు ఉన్నారు. ఆ అక్కలకి కూడా పేరుపేరునా కృతజ్ఞతలు.