నాటకం రిహార్సల్స్‌లో మా బాబు పక్కన ఉన్న అక్కకి

అక్కా, మీ పేరు తెలియదు, అందుకే ఇలా అందరి ముందూ థాంక్స్ చెప్తున్నాను. మా బాబుకి ఆటిజం. చప్పట్ల మోత వాడికి పడదని గమనించి, అందరి చేతా గాల్లో చేతులు ఊపించారు. హాల్లో లైట్లు పూర్తిగా ఆర్పనివ్వలేదు. ఏ సీన్ తర్వాత ఏది వస్తుందో బొమ్మల కార్డులు గీసి ఇచ్చారు; ముందేం జరగబోతుందో తెలిస్తే వాడికి సగం టెన్షన్ పోతుంది.

ఎదుటివాళ్లు ఎలా చేస్తే అలా చేయాల్సిన అద్దం ఆటలో వాడు మిమ్మల్ని అనుకరించలేదు. మీరే వాడిలా వేళ్లు ఆడించారు. కాసేపటికి వాడు ఆగి, ఇప్పుడేం చేస్తారా అని మీ ముఖంలోకి చూశాడు. వాడిని మార్చేయాలన్న తొందర మీలో ఎక్కడా కనిపించలేదు, నాకు బాగా నచ్చింది అదే. స్టేజీ మీద వాడి డైలాగ్ ఒక్కటే, అదీ రెండుసార్లు చెప్పాడు. మీరు ఆపలేదు. చాలా థాంక్స్ అక్కా.